‘పో’ అంటే అవును

జ్యూరిక్‌లో మా ఇంటి నుంచి ట్రామ్ స్టాపుకి వెళ్ళే దారిలో ఒక చిన్న కిరాణా కొట్టు ఉంది. పచ్చిమిరపకాయలు, కొత్తిమీర, కాస్త గట్టి పెరుగు కావాలంటే నేను అక్కడికే వెళ్తాను. కొట్టు పెద్దాయనకి అరవై దాటాయి. అల్బేనియా పక్కనే ఉన్న కొసోవో నుంచి వచ్చిన అల్బేనియన్. నేను మొదటిసారి వెళ్ళిన రోజు ఆయన ఫోన్లో “పో... పో... పో పో” అంటున్నారు. అవతలి మనిషిని అంతలా ఎందుకు తరిమేస్తున్నారో అనుకున్నాను. అల్బేనియన్ భాషలో ‘పో’ అంటే ‘అవును’ అని తర్వాత తెలిసింది. ఇంకో తమాషా ఏమిటంటే, అల్బేనియాలో పాతతరం వాళ్ళు అవును అనడానికి తల అడ్డంగా ఊపుతారు. మన తల ఊపుడు చూసి తెల్లవాళ్ళు తికమకపడతారని నవ్వుకుంటాం కదా, మనల్ని తికమకపెట్టే వాళ్ళూ ఉన్నారన్నమాట.

ఫోన్ పెట్టేసి, ఏ దేశం మీది అని అడిగారు. ఇండియా అన్నాను. వెంటనే గుండె మీద చెయ్యి వేసుకుని “నెనా తెరెజా!” అన్నారు. మదర్ థెరిసా. “అవునండీ, మా మదర్ థెరిసా” అన్నాను మర్యాదకి. ఆయన నవ్వు చెరగలేదు గానీ చిల్లర లెక్కపెడుతున్న చెయ్యి ఆగింది. “ఆమె మీ దగ్గర ఉన్నారు. మనిషి మాత్రం మా మనిషి.”

ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది. ఎందుకంటే లెక్క ప్రకారం చూస్తే అది ఏ రకంగానూ కుదరదు. ఆమె 1910లో పుట్టింది స్కోప్యేలో. అప్పుడది టర్కీ ఒట్టోమన్ సామ్రాజ్యం, ఇప్పుడు ఉత్తర మాసిడోనియా రాజధాని. ఆమె అల్బేనియాలో పుట్టిందీ కాదు, పెరిగిందీ కాదు. 1929లో మన దేశానికి వచ్చారు, తర్వాత భారత పౌరసత్వం తీసుకున్నారు, 1997లో కోల్‌కతాలో పోయారు. ఇక మా కొట్టు పెద్దాయన పుట్టినప్పుడు ఆయన ఊరు యుగోస్లావియాలో ఉంది. ఇప్పుడు ఆయన జేబులో ఉన్నది స్విట్జర్లాండ్ పాస్‌పోర్టు. పైగా ఆమె క్యాథలిక్ సన్యాసిని, ఈయన ముస్లిం. పుట్టిన చోటు వేరు, దేశం వేరు, మతం వేరు. మరి ‘మా’ అనడానికి ఏం మిగిలింది?

మిగిలింది భాష ఒక్కటే. ఆమె తల్లి ఇంట్లో మాట్లాడిన భాష, ఈయన తల్లి ఇంట్లో మాట్లాడిన భాష ఒకటే. ఆమె తన గురించి చెప్పుకున్నప్పుడు కూడా రక్తం అల్బేనియన్‌ది, పౌరసత్వం భారతదేశానిది అనేవారు. 2009లో అల్బేనియా ప్రధాని ఆమె భౌతిక అవశేషాలు తమకు ఇవ్వాలని అడిగితే, ఆమె భారత పౌరురాలు, తన సొంత నేలలోనే ఉన్నారు అని మన విదేశాంగ శాఖ జవాబు చెప్పింది. నాకు ఆ జవాబు సబబుగానే అనిపించింది. అయినా పెద్దాయన మాటా తప్పనిపించలేదు.

అల్బేనియన్లు ఎవరు అని అడిగితే బయటివాళ్ళు ఇచ్చే జవాబు ఒకటుంది: యూరప్‌లో ఉన్న ముస్లిం జనం అని. అల్బేనియన్లు చాలామంది ఇచ్చే జవాబు ఇంకొకటి: మేం గ్రీకు, రోమన్ కాలాల నాటి ఇల్లీరియన్ జాతి వారసులం, బాల్కన్‌లో, అంటే ఈ ఆగ్నేయ యూరప్‌లో, అందరికంటే ముందునుంచీ ఉన్నవాళ్ళం అని. రెండూ పనికిరావని నా అభిప్రాయం. మొదటిదానికి జవాబు అల్బేనియా రాజధాని టిరానా నడిబొడ్డునే కనిపిస్తుంది. అక్కడ ఎతెమ్ బే మసీదు పక్కన, గుర్రం మీద స్కందర్‌బెగ్ విగ్రహం ఉంటుంది. ఆయన అసలు పేరు జెర్జ్ కస్త్రియోతి. ఒట్టోమన్ సుల్తాను కొలువులో పెరిగి, ఇస్లాం తీసుకుని, ఇస్కందర్ అనే పేరుతో సేనాని అయ్యాడు. (ఆ ఇస్కందరే మన సికిందర్. సికింద్రాబాద్‌కి పేరిచ్చిన సికిందర్ జా పేరూ ఆ అలెగ్జాండర్ నుంచి వచ్చిందే.) 1443లో సుల్తాను సైన్యాన్ని వదిలి సొంత కోట క్రుయాకి వచ్చాడు, తిరిగి క్రైస్తవుడయ్యాడు, 1468లో చనిపోయేదాకా పాతికేళ్ళు ఒట్టోమన్లతో పోరాడాడు. ఇవాళ అల్బేనియా ఎర్రజెండా మీద ఉన్న రెండు తలల నల్ల గద్ద ఆయన వంశానిదే. ఇస్లాం వదిలేసిన మనిషిని, ఎక్కువమంది ముస్లిం కుటుంబాల్లో పుట్టిన జనం తమ జాతి వీరుడని తలకెత్తుకున్నారు. వాళ్ళని మతంతో కొలవబోతే ఎంత తప్పుతుందో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇల్లీరియన్ల సంగతి కొంచెం చిక్కుది. అల్బేనియన్ భాష ఇండో-యూరోపియన్ కుటుంబంలో తనకు తానుగా ఒక కొమ్మ, గ్రీకులాగా, ఆర్మీనియన్‌లాగా. దగ్గరి చుట్టం ఎవరూ లేరు. కాబట్టి బాల్కన్‌లో ఏదో ఒక ప్రాచీన భాష నుంచే వచ్చి ఉండాలి. అది ఇల్లీరియన్ అని తేల్చాలంటే ఇల్లీరియన్ భాష మన చేతిలో ఉండాలి కదా. మిగిలినవి కొన్ని మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, పొడి మాటలు మాత్రమే. ఈ ఖాళీని రాజకీయాలు నింపాయి. కమ్యూనిస్టుల కాలంలో పిల్లలకి మత సంబంధమైన పేర్లు వద్దు, ఇల్లీరియన్ పేర్లు పెట్టండి అని ప్రభుత్వమే వెంటపడింది. ఇలిర్, అగ్రోన్, త్యూతా, బర్ధుల్. వినడానికి బాగుంటాయి, నిజమే. కానీ కొసోవో ఎవరిది అన్న ప్రశ్నకి సెర్బులు మధ్యయుగాల మఠాలు చూపించి, అల్బేనియన్లు అంతకు ముందరి ఇల్లీరియన్లని చూపించి కొట్టుకుంటుంటే, ఆ పందెం ఒప్పుకోవడంలోనే అల్బేనియన్లు నష్టపోయారని నాకనిపిస్తుంది. ఒక ఊళ్ళో నీకు బతికే హక్కు ఉండాలంటే మీ తాత ముత్తాత రెండువేల ఏళ్ళ కిందట అక్కడ ఉన్నట్టు రుజువు చెయ్యాలా? మా పెద్దాయన దగ్గర ఈ మాట అంటే ఒప్పుకోరు. “మేం ముందు” అంటారు. ఆ ఒక్క విషయంలో మాకు పడదు.

వాళ్ళ చరిత్రలో నన్ను నిజంగా పట్టి కూర్చోబెట్టింది వీళ్ళు తమని తాము పిలుచుకునే పేరు. అల్బేనియా అనేది బయటివాళ్ళ పిలుపు. వాళ్ళు తమని ‘ష్చిప్తార్’ అంటారు, భాషని ‘ష్చిప్’ అంటారు. గద్దని వాళ్ళ భాషలో ‘ష్చిపోన్య’ అంటారు కాబట్టి మేం గద్ద పిల్లలం అని జనం చెప్పుకుంటారు. చాలామంది భాషావేత్తలు మాత్రం ‘ష్చిప్’ అంటే తేటగా, అర్థమయ్యేలా మాట్లాడటం అనే అర్థం నుంచే జాతి పేరు వచ్చిందంటారు. అంటే ‘మన మాట అర్థమయ్యేవాళ్ళు’. ఈ పేరు కూడా మొదటినుంచీ ఉన్నది కాదు. పాతపేరు అర్బర్. స్కందర్‌బెగ్ పోయాక ఒట్టోమన్ల నుంచి తప్పించుకుని దక్షిణ ఇటలీకి వెళ్ళి స్థిరపడినవాళ్ళు ఇప్పటికీ తమని అర్బరెష్‌లనే అంటారు. పేరు మారకముందే ఊరు వదిలిపోయారు కాబట్టి పాతపేరు వాళ్ళతో ఉండిపోయింది.

ఆ భాష ఎన్ని మింగిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రాజుని ‘మ్బ్రెత్’ అంటారు, అది లాటిన్ ‘ఇంపెరేతొర్’ అరిగిపోగా మిగిలింది. స్నేహితుడు, అతిథి ఇద్దరికీ ‘మిక్’ ఒకటే మాట, అదీ లాటిన్‌దే. తర్వాత ఐదొందల ఏళ్ళ టర్కీ పాలన. ఓ రోజు కొట్లో ఆయన చొక్కా జేబు తట్టి ‘జెప్’ అన్నారు, కొట్టుని ‘ద్యుచాన్’ అన్నారు. జేబు, దుకాణం! అరబ్బీ మాటలు ఒక పక్క ఇస్తాంబుల్ మీదుగా వాళ్ళ కొండలెక్కాయి, ఇంకో పక్క ఫార్సీ, ఉర్దూల మీదుగా మా వరంగల్ బజార్లోకి వచ్చాయి. ఇద్దరం అరగంట సేపు మాటలు ఏరుకున్నాం. ఆ పూట ఆయన పెరుగుకి డబ్బు తీసుకోలేదు.

ఇంత పాత భాషకి రాత మాత్రం ఆలస్యంగా వచ్చింది. తారీఖు తెలిసిన మొదటి వాక్యం 1462 నాటిది. దుర్రస్ ఆర్చిబిషప్ పాల్ ఎంజల్లి ఒక ఉత్తరంలో రాసిన బాప్తిస్మం మాట, ఒకే ఒక్క వాక్యం. మొదటి పుస్తకం జోన్ బుజుకు అనే ఫాదర్ 1555లో అచ్చు వేయించిన ప్రార్థనల పుస్తకం. ప్రపంచంలో దాని ప్రతి ఒక్కటే మిగిలింది, వాటికన్ గ్రంథాలయంలో. మొదటి మాట, మొదటి పుస్తకం రెండూ చర్చివే అయినా, తర్వాత మూడొందల ఏళ్ళకి భాషని పైకి తెచ్చినవాళ్ళలో ముస్లింలూ, బెక్తాషీలనే సూఫీలూ, ఆర్థడాక్సులూ, క్యాథలిక్కులూ అందరూ ఉన్నారు.

ఒట్టోమన్ పాలనలో మనుషుల్ని లెక్కపెట్టింది మతాన్ని బట్టి. ముస్లిం అల్బేనియన్ అయితే ‘టర్కు’, టర్కీ బడికి వెళ్ళాలి. ఆర్థడాక్స్ అయితే ‘గ్రీకు’, గ్రీకు బడి. ఇంట్లో మాట్లాడే భాషకి ఏ గళ్ళలోనూ చోటు లేదు. రాయాలనుకుంటే క్యాథలిక్కులు లాటిన్ లిపిలో, ఆర్థడాక్సులు గ్రీకు లిపిలో, ముస్లింలు అరబ్బీ లిపిలో రాసేవారు. ఒకరి ఉత్తరం ఇంకొకరు చదవలేరు. మధ్యలో కొందరు సొంత లిపులు కూడా కనిపెట్టారు. 1878లో రష్యా, టర్కీ యుద్ధం తర్వాత పెద్ద దేశాలు బాల్కన్ మ్యాపు ముందు పెట్టుకుని గీతలు గీస్తుంటే, అల్బేనియన్లు ఉండే ఊళ్ళు చుట్టుపక్కల రాజ్యాలకి పంచడం మొదలైంది. ముస్లింలని టర్కులుగా, ఆర్థడాక్సులని గ్రీకులుగా రాసుకున్నాక అల్బేనియన్ అనేవాడు కాగితం మీద ఉండడుగా! ఆ జూన్‌లో కొసోవోలోని ప్రిజ్‌రెన్‌లో పెద్దలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ రోజుల్లోనే ష్కోడర్‌కి చెందిన పష్కో వాసా, క్యాథలిక్ అయి ఉండి ఒట్టోమన్ కొలువులో పెద్ద ఉద్యోగం చేసినవాడు, ఒక కవితలో రాసిన మాట ఇప్పటికీ ప్రతి అల్బేనియన్‌కీ కంఠతా వచ్చు: అల్బేనియన్ మతం అల్బేనియన్‌తనమే.

1887 మార్చి 7న కోర్చాలో మతంతో పనిలేని మొదటి అల్బేనియన్ బడి తెరిచారు. అల్బేనియాలో ఇప్పటికీ ఆ తేదీనే ఉపాధ్యాయ దినం. 1908 నవంబరులో మనాస్తిర్‌లో, అంటే ఇప్పటి బితోలాలో, లిపి కోసం మహాసభ పెట్టారు. అన్ని మతాలవాళ్ళూ వచ్చారు. లిపి సంఘానికి పెద్దగా ఉన్నది జెర్జ్ ఫిష్తా, ఫ్రాన్సిస్కన్ అనే క్యాథలిక్ శాఖ సన్యాసి. నిజానికి ఆ సభ తేల్చింది ఒక్క లిపిని కాదు, రెండింటిని. రెండూ వాడుకలో ఉండనిచ్చారు, క్రమంగా పూర్తి లాటిన్ అక్షరాలదే నిలబడింది. ఇప్పుడు 36 అక్షరాలు. ఆ తర్వాత కూడా ఇస్తాంబుల్ ప్రభుత్వం, మీరు ముస్లింలు కదా అరబ్బీ లిపిలో రాయండి అని ఒత్తిడి పెడితే, 1910లో కోర్చాలో, బెరాత్‌లో జనం అక్షరాల కోసం వీధుల్లోకి వచ్చారు. 1912 నవంబరు 28న వ్లోరాలో స్వాతంత్ర్యం ప్రకటించారు. మరుసటి ఏడాది లండన్‌లో గీసిన సరిహద్దులు కొసోవోతో సహా జాతిలో పెద్ద భాగాన్ని బయటే వదిలేశాయి.

నేను వాదించేది ఇదే. అల్బేనియన్ అనే గుర్తింపు ఎక్కడో గుహలోంచి తవ్వి తీసింది కాదు. మూడు లిపుల్లో రాసుకుంటూ, ఒకరి ప్రార్థన ఇంకొకరికి తెలియని మనుషులు, ఇంట్లో మాట్లాడే భాషే మనల్ని కలుపుతుంది అని ఒక కాలంలో కూర్చుని తీసుకున్న నిర్ణయం. నిర్ణయం అన్నానని తక్కువ చేసినట్టు కాదు. వారసత్వంగా వచ్చినదానికి ఎవరూ కష్టపడక్కర్లేదు.

అయితే పష్కో వాసా మాటకి రెండో జన్మ కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. మతం కంటే జాతి ముఖ్యం అనే మాటని కమ్యూనిస్టు పాలకుడు ఎన్వర్ హోజా పట్టుకున్నాడు. 1967లో రెండువేలకు పైగా మసీదులు, చర్చిలు, మఠాలు మూయించాడు. 1976 రాజ్యాంగంలో నాస్తిక రాజ్యం అని రాయించాడు. ఒక పసిబిడ్డకి రహస్యంగా బాప్తిస్మం ఇచ్చాడని ష్త్యెఫెన్ కుర్తి అనే ముసలి ఫాదర్‌ని చంపేశారు. యుగోస్లావియాతో 1948లో తెగతెంపులు, సోవియట్‌తో 1961లో, చైనాతో 1978లో. ఎప్పుడూ రాని దండయాత్రకి భయపడి లక్షకు పైగా కాంక్రీటు బంకర్లు కట్టించాడు. మదర్ థెరిసా తల్లి, అక్క టిరానాలో ఉండేవారు. జబ్బు చేసిన తల్లిని చూడనివ్వండని ఆమె ఎన్నిసార్లు అడిగినా రానివ్వలేదు. 1972లో తల్లి, మరుసటి ఏడు అక్క పోయారు. 1979లో నోబెల్ తీసుకున్న మనిషి 1989 దాకా ఆ సమాధుల దగ్గరికి వెళ్ళలేకపోయారు. ఇవాళ టిరానా విమానాశ్రయానికి ఆమె పేరే పెట్టుకున్నారు. మంచిదే, ఆలస్యంగానైనా.

ఇక వాళ్ళు గొప్పగా చెప్పుకునే ‘బెసా’ గురించి. ఇచ్చిన మాట, నమ్మకం, శరణు, మూడూ ఆ ఒక్క మాటలో ఉంటాయి. ఉత్తరపు కొండల్లో లెక్ దుకజీని పేరు మీద నడిచిన ‘కనూన్’ కట్టుబాట్లలో, అల్బేనియన్ ఇల్లు దేవుడిదీ అతిథిదీ అని ఉంటుంది. వచ్చినవాడికి రొట్టె, ఉప్పు, హృదయం పెట్టాలి. ఉప్పు మాట దగ్గర మనకి వేరే వివరణ అక్కర్లేదు. జర్మన్లు ఆక్రమించిన రోజుల్లో అల్బేనియాలో తలదాచుకున్న యూదులు దాదాపు అందరూ బతికి బయటపడ్డారు, యుద్ధం ముగిసేసరికి అక్కడ ముందుకంటే ఎక్కువమంది యూదులు ఉన్నారు. యూరప్‌లో ఇంకెవరైనా ఈ మాట చెప్పుకోగలరా? ఇది చెప్పేటప్పుడు పెద్దాయన కళ్ళు చెమర్చాయి. కానీ 1944లో కొసోవో రాజధాని ప్రిష్తినాలో యూదుల్ని పట్టి జర్మన్లకి అప్పగించిన నాజీ ఎస్.ఎస్. దళంలో ఉన్నది కూడా అల్బేనియన్లే. దాని పేరు స్కందర్‌బెగ్ దళం. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పెరుగు కోసం వెళ్ళిన చోట అంత ధైర్యం రాలేదు.

కనూన్‌లో అతిథి మర్యాద ఉన్న చోటే పగకి పగ కూడా ఉంది, ఆడది బరువు మొయ్యడానికున్న తోలు సంచి అనే మాటా ఉంది. సంప్రదాయాన్ని కళ్ళకద్దుకునేవాళ్ళు ఆ పేజీలు గబగబా తిప్పేస్తారు. నాకు నచ్చేది వాళ్ళు దాన్ని దాటిన తీరు. 1990లో కొసోవోలో ఆంతోన్ చెత్తా అనే జానపద పరిశోధకుడు, కుర్రాళ్ళని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగి, పగలు మాన్పించాడు. ఆ మే 1న వెర్రాత్ ఎ ల్లుకస్ అనే చోట లక్షల మంది చేరారు. కొడుకుని, అన్నని పోగొట్టుకున్నవాళ్ళు అందరి ముందూ హంతకుడి కుటుంబానికి చెయ్యి అందించి క్షమించారు. ఆ మాట వెనక్కి తీసుకోరు, ఎందుకంటే అదీ బెసాయే.

ఆ కాలంలోనే బెల్‌గ్రేడ్‌లోని సెర్బియా ప్రభుత్వం కొసోవో స్వయంపాలన తీసేసి, అల్బేనియన్ పిల్లల్ని బడి భవనాల నుంచి వెళ్ళగొట్టింది. టీచర్లు ఇళ్ళల్లో పాఠాలు చెప్పారు. పెద్దాయన తన ముందు గది ఇచ్చారట. “సోఫాలు తీసేశాం. నలభై మంది నేలమీద కూర్చునేవారు. చెప్పులు బయట కనిపిస్తే పోలీసులకి అనుమానమని లోపలే పెట్టించేవాళ్ళం.” జాతి అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే ఇల్లీరియన్ల కంటే ముందు నాకు ఆ చెప్పులు గుర్తొస్తాయి.

భాషే జాతి అయినప్పుడు, ఎవరి భాష అన్న ప్రశ్న వస్తుంది. ష్కుంబిన్ నదికి ఉత్తరాన గెగ్ మాండలికం, దక్షిణాన తోస్క్. కొసోవో అంతా గెగ్. ఒకప్పుడు మధ్యలో ఉన్న ఎల్బసాన్ యాసని ప్రమాణంగా పెట్టుకోవాలనుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అధికారంలోకి వచ్చిన కమ్యూనిస్టు పార్టీ నాయకుల్లో ఎక్కువమంది దక్షిణాదివాళ్ళు, హోజా స్వయంగా జిరోకాస్తర్ వాడు. 1972లో టిరానా మహాసభలో ఖాయం చేసిన ప్రామాణిక భాషకి తోస్క్ పునాది అయింది. లిపికి పెద్దగా కూర్చున్న ఆ ఫిష్తా, గెగ్‌లో గొప్ప కవి, హోజా కాలంలో నిషిద్ధం. ఇంకా విచిత్రం, కొసోవో పండితులు 1968లోనే ప్రిష్తినాలో కూర్చుని, జాతి ఒకటే అయితే రాత భాషా ఒకటే ఉండాలని, తాము మాట్లాడని ఆ తోస్క్ ప్రమాణాన్ని తమంతట తామే నెత్తికెత్తుకున్నారు. సరిహద్దుకి అవతల ఉన్నవాళ్ళు కలిసి ఉండటానికి తమ నాలుకనే పణంగా పెట్టారు. అది త్యాగమా, తొందరపాటా అని నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ రోజున వాళ్ళకి వేరే దారి కనిపించి ఉండదు. అయినా ఆ ఖర్చు ఇవాళ్టికీ పిల్లల మీదే పడుతోందని మాత్రం గట్టిగా అంటాను.

ఎందుకంటే ఆ ఖర్చు నాకు తెలుసు. మా బడిలో ‘మా నాయన ఊరికి పోయిండు’ అని రాస్తే సారు ఎర్ర సిరాతో కొట్టేసి ‘మా నాన్న ఊరికి వెళ్ళాడు’ అని రాసేవారు. మా నాయన వెళ్ళలేదు. పోయిండు. ఇప్పుడు ఈ వ్యాసం కూడా ఆ సారు దిద్దిన తెలుగులోనే రాస్తున్నాను, చెయ్యి అలా అలవాటు పడిపోయింది. మాకు తర్వాత రాష్ట్రం వేరైంది, భాష ఒకటే ఉంది. వాళ్ళకి దేశాలు రెండు, భాష ఒకటే ఉంది. 2008లో స్వతంత్రం ప్రకటించుకున్న కొసోవో జెండా నీలంది, మ్యాపూ ఆరు నక్షత్రాలూ ఉంటాయి. ఏ ఒక్క జాతిదీ కాకూడదని అలా చేశారు, జాతీయ గీతానికి మాటలే లేవు. ఆ దేశాన్ని మన ప్రభుత్వం ఇంకా గుర్తించలేదు. పెళ్ళికార్ల మీద మాత్రం ఎర్ర గద్ద జెండాయే ఎగురుతుంది, ఇక్కడ జ్యూరిక్‌లో కూడా. 2016 యూరో కప్పులో ఝాకా అన్నదమ్ములు ఒకరు స్విట్జర్లాండ్‌కి, ఒకరు అల్బేనియాకి ఎదురెదురుగా ఆడితే, తల్లి సగం ఆ దేశానిది, సగం ఈ దేశానిది అయిన చొక్కా వేసుకుని వచ్చింది. రెండేళ్ళ తర్వాత సెర్బియా మీద గోలు కొట్టి చేతులతో గద్ద గుర్తు చూపించినందుకు గ్రానిత్ ఝాకాకీ, జట్టులో తోటివాడు షాచీరికీ చెరో పదివేల ఫ్రాంకులు జరిమానా పడింది. కొట్లో ఆ ఫోటో ఇంకా గోడమీద ఉంది.

పోయిన నెల పెరుగు కోసం వెళ్తే కౌంటర్ వెనక పెద్దాయన మనవరాలు హోంవర్క్ చేసుకుంటోంది. వారానికి ఒక మధ్యాహ్నం అల్బేనియన్ క్లాసుకి పంపిస్తారు. పక్కన నాయనమ్మ మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆ పిల్ల ఏదో వాక్యం చదివింది, నాయనమ్మ నవ్వి ఇంకోలా అంది. పిల్ల పుస్తకం చూపించింది. ఏమిటని అడిగాను. ‘వెళ్ళడం’ అన్నదానికి పుస్తకంలో ‘పర్ త ష్కుఅర్’ అని ఉందట, ఈవిడ ‘మె ష్కు’ అంటుందట. గెగ్ పద్ధతి అది, పుస్తకంలో ఉండదు.

“టీచర్ తప్పు కొడుతుంది” అంది పిల్ల జర్మన్‌లో నాతో.

నాయనమ్మకి జర్మన్ రాదు. అయినా అర్థమైంది. మిరపకాయ పక్కన పెట్టి, పెన్సిలు తీసుకుని, పుస్తకం అంచున తన మాట రాసింది, మెల్లగా, పెద్ద పెద్ద అక్షరాలతో. మనవరాలు దాన్ని రబ్బరుతో చెరుపుతుందేమోనని నేను చూస్తూ నిలబడ్డాను. పెద్దాయన నా చేతిలో చిల్లర పెట్టి, నా వెనక నిలబడినవాళ్ళని పిలిచారు.